ముహూర్తం దాకా నిలిచే కొప్పు: కొత్త హెయిర్ డిజైన్‌ను మొదటి ఊహ నుంచి పెళ్ళిపీటల దాకా తీసుకెళ్లడం

జీలకర్ర బెల్లం నడినెత్తిన పెడతారని తెలుగువాళ్ళ పెళ్ళి ఒక్కటి చూసినవాళ్ళకైనా తెలుసు. నాకూ తెలుసు. తెలిసి కూడా కొన్నేళ్ల కిందట ఒక పెళ్ళికూతురికి సరిగ్గా ఆ చోటే సన్నటి ఐదు పాయల అల్లికతో కిరీటం లాంటిది కట్టాను. రెండున్నర గంటల పని. ముహూర్తం తెల్లవారుజామున మూడు దాటాక. తెర అడ్డం పట్టారు, పెళ్ళికొడుకు తమలపాకులోని ముద్దను నా అల్లిక మీద అదిమి పెట్టాడు, పంతులుగారు మంత్రం అయ్యేదాకా చెయ్యి తియ్యొద్దన్నారు. బెల్లం మెల్లగా పాయల్లోకి దిగింది. ఆ తర్వాత తలంబ్రాలు. తెల్లారి ఫొటోల టైముకి అల్లిక సందుల్లో పసుపు బియ్యం బెల్లానికి అతుక్కుని గట్టిపడిపోయాయి. పెళ్ళికూతురి పిన్నిగారు పక్కకి వచ్చి నవ్వుతూనే అన్నారు: "డిజైన్ బాగుందమ్మా, పెళ్ళే దానికి అడ్డం వచ్చింది."

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. కొత్త డిజైన్ ఆలోచించడం అంటే ఫోన్లో నాలుగు బొమ్మలు కలపడం కాదని అప్పుడు అర్థమైంది. ఆ తల మీద ఏమేం జరగబోతోందో అందులోంచే ఆకారం పుట్టాలి. కింద రాసింది ఆ పద్ధతే. మా సెలూన్లో "ఒరుగు కొప్పు" అని పిలుచుకునే ఒక్క డిజైన్‌ను పట్టుకుని మొత్తం చెబుతాను. మొదటి ఊహ నుంచి జూనియర్లకు నేర్పే దాకా దానికి నాలుగు నెలలు పట్టింది. చదివేవాళ్ళకు మూడు పాయలు, ఐదు పాయలు, రోల్, బ్లో డ్రై, బ్యాక్‌కోంబింగ్ చేతికి వచ్చేసి ఉంటాయని అనుకుంటున్నాను. అవి రాకపోతే ముందు అవి చూసుకోండి, దీనికేం తొందర లేదు.

మొదటి అడుగు: తలకి ఏం జరగబోతోందో రాసుకోండి

బొమ్మ గీయకముందే ఒక కాగితం మీద ఆ రోజు మొత్తం తల ప్రయాణం రాయండి. తెలుగు పెళ్ళి అయితే ఇలా ఉంటుంది.

మంగళస్నానం అంటే నూనె, నలుగు, తలంటు. కాబట్టి జుట్టు మీ చేతికి వచ్చేసరికి తడిగానో, కుదుళ్లలో కాస్త జిడ్డుతోనో ఉంటుంది. సెలూన్లో ట్రయల్ రోజు ఉన్న జుట్టు అది కాదు. తర్వాత నుదుటికి బాసికం కడతారు, దాని దారం తల వెనక్కి వెళ్లి ముడి పడాలి. ఆ దారానికి దారి వదలకపోతే ఎవరో ఒకరు మీ రోల్ మీదుగానే లాగి కడతారు. జీలకర్ర బెల్లానికి నడినెత్తిన అరచేయంత చోటు కావాలి. మంగళసూత్రం కట్టేటప్పుడు ఆడపడుచు జడ పైకి ఎత్తి పట్టుకుంటుంది. అంటే జడ ఎత్తడానికి వీలుగా ఉండాలి, ఎత్తితే ఊడి చేతికి రాకూడదు. దండలు మార్చుకున్నాక ఆ దండ మెడ వెనక గంటల తరబడి రాసుకుంటూ ఉంటుంది. మెడ మీద వాలిన కొప్పు అక్కడే చెదురుతుంది. అరుంధతి నక్షత్రం చూపించేటప్పుడు తల పూర్తిగా వెనక్కి వాలుతుంది. అప్పగింతల్లో తల వంగుతుంది, ఒకరి తర్వాత ఒకరు వాటేసుకుని ఏడుస్తారు, వాళ్ళ గాజులు జడలో చిక్కుకుంటాయి.

నగలనూ ఇందులోనే కలపండి. మాటీలు చెవి పైన జుట్టులో గుచ్చుకోవాలి, ఆ చోట గట్టి పట్టు ఉండాలి. వడ్డాణం పెట్టుకుంటే జడకుచ్చులు దానికి తగులుకోకుండా పొడవు చూడాలి. పాపిటబిళ్ల ఉంటే పాపిట నడిమిదే, చర్చ లేదు.

నేను ఈ కాగితం రాసేసరికి డిజైన్‌లో సగం దానంతట అదే తేలింది: నడినెత్తి నున్నగా, ఖాళీగా. కొప్పు మెడకు రెండు వేళ్ల పైన. జడ ఉండాలి, కానీ కొప్పుకి వేలాడకూడదు. ఇవేవీ నా "సృజన" కాదు. అయినా ఇవి తేలకుండా గీసిన బొమ్మలన్నీ చెత్తబుట్టలోకే వెళ్తాయి, నా అనుభవంలో అన్నీ వెళ్లాయి.

ఫ్యాషన్ షో అయినా, పోటీ అయినా, నాట్యమైనా ఇదే పని చేయండి, సంఘటనలు మాత్రం మారతాయి. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ ఇవతలికి వేసి ప్రవేశిస్తుంది. ప్రేక్షకులు ఆమె ముఖం కన్నా ముందు జడనే చూస్తారు. అలాంటి జడకి దూరం నుంచి కనిపించడం ముఖ్యం, ఊగినా కుదురుగా ఉండటం ముఖ్యం. దగ్గర నుంచి చూసే సన్నపని అక్కడ దండగ.

రెండో అడుగు: ఊహ కోసం ఫోన్ వదిలి బయటికి వెళ్లండి

ఫోన్లో దొరికే బొమ్మ ఇంకొక హెయిర్‌డ్రెస్సర్ ఆలోచన చివర్లో మిగిలినది. దాని మీద మీ ఆలోచన కడితే నకలుకి నకలు అవుతుంది. జుట్టు కానిదాని నుంచి మొదలుపెట్టండి. బ్రిటిష్ హెయిర్‌డ్రెస్సర్ విడాల్ ససూన్ 1960లలో జామెట్రీ కటింగ్‌లు తెచ్చినప్పుడు ఆయన చూపు జర్మనీ బౌహాస్ వాస్తుశైలి మీద ఉంది. ఐదు కొసల కట్ పుట్టింది ఆ దారిలోనే. అక్కర్లేని అలంకారమంతా తీసేసి నిర్మాణమే అందంగా కనిపించాలనేది భవనాల నుంచి వచ్చిన ఆలోచన, అది కత్తెరలోకి దిగింది.

నేను రామప్పకి వెళ్లాను. ములుగు జిల్లా పాలంపేట, హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి గుళ్లో ఉండొచ్చు. 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. గోడలు ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద ఏటవాలుగా నిలబడిన మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు, మాత్రం నున్నగా మెరుగుపెట్టిన నల్లరాయి. అంతకుముందు అన్నిసార్లూ నేను కెమెరాలో చూసిన బొమ్మలే. ఈసారి ఫొటో తియ్యకుండా గంటసేపు పెన్సిల్‌తో గీశాను. గీత బాగా రాకపోయినా ఫరవాలేదు, గీస్తే చెయ్యి గమనిస్తుంది.

మూడు విషయాలు దొరికాయి.

ఒకటి, నడుము ఒక పక్కకి ఒరిగితే తల బరువు రెండో పక్కకి వెళ్లి ఆ ఒంపును నిలబెడుతుంది. అందం ఆ బరువుల బేరంలో ఉంది.

రెండు, నల్లరాయి. రంగు లేదు. అయినా సిగ స్పష్టంగా కనిపిస్తోంది. ఎందుకంటే మెరుగుపెట్టిన చోట వెలుగు జారుతోంది, గాడి తీసిన చోట నీడ నిలుస్తోంది. మన జుట్టూ నల్లరాయే కదా! బూడిద బంగారు రంగు జుట్టు మీద అందంగా కనిపించే సన్నసన్న అల్లికలు మన జుట్టు మీద మాయమైపోతాయి. నల్లజుట్టు మీద పని చేసేవి పెద్ద నున్నటి తలాలు, వాటి పక్కనే లోతైన గాడులు.

మూడోది రాళ్ళలో కాదు, శిఖరంలో ఉంది. రామప్ప శిఖరం నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టింది. కింది నుంచి చూస్తే మహా బరువుగా ఉంటుంది, లోపల తేలిక. కొప్పు గురించి ఇంతకన్నా మంచి పాఠం నాకు ఏ ట్రైనింగ్‌లోనూ దొరకలేదు.

మీకు రామప్పే కానక్కర్లేదు. లేపాక్షి పైకప్పు చిత్రాలున్నాయి, అమరావతి శిల్పాలున్నాయి, తాటాకు బుట్ట అల్లిక ఉంది, వలలు ఉన్నాయి. ఒక్కటే నియమం: ఒక డిజైన్‌కి ఒక మూలం చాలు. రెండు కలిపితే ఏదీ సరిగ్గా కనిపించదు.

మూడో అడుగు: ఒక్క వాక్యంలోకి కుదించండి

ఇక్కడే చాలామంది సీనియర్లు కూడా తడబడతారు. "ట్రెడిషనల్‌గా ఉంటూనే మోడ్రన్ లుక్" అని రాస్తారు. ఆ వాక్యం విని జూనియర్ ఏం చెయ్యాలి? చేత్తో చెయ్యగలిగినట్టు ఉండాలి వాక్యం. నాది ఇది: "కొప్పు ఎడమకి ఒరగాలి, జడ కుడి నుంచి దిగి దాన్ని నిలబెట్టాలి, రెండూ చూడ్డానికి బరువుగా, మోయడానికి తేలిగ్గా ఉండాలి."

ఈ వాక్యం గోడకి అంటించాను. తర్వాత వచ్చిన ప్రతి ముచ్చటైన ఆలోచననీ దాని ముందు నిలబెట్టాను. పక్కన ముంగురులు వదిలితే? ఒరుగుకి సాయం చేయవు, వద్దు. కొప్పు మీద బంగారు దారం చుడితే? చూపు ఒరుగు మీద నుంచి దారం మీదకి పోతుంది, వద్దు. అవి వదులుకున్నప్పుడు మనసు కాస్త చివుక్కుమంది.

నాలుగో అడుగు: ముందు నీడ గీయండి

తల బొమ్మ మూడు వైపుల నుంచి: ఎదురు, పక్క, వెనక. లోపల వివరాలేమీ వద్దు, బయటి గీత మాత్రం. దాన్ని నల్లగా నింపేయండి. ఆ నీడ చూసి ఆకారం గుర్తుపట్టగలిగితే ముందుకు వెళ్లండి. నా మొదటి నీడలో కొప్పు చెవి వెనక నుంచి పొడుచుకొచ్చి, ఎదురు నుంచి చూస్తే తలకి బొప్పి కట్టినట్టు ఉంది. నడిమి నుంచి ఐదు వేళ్లు జరిపాను మరి. మూడు వేళ్లకి తగ్గించగానే ఎదురు నుంచి అంచు మాత్రమే కనిపించింది, పక్క నుంచి నిండుగా వచ్చింది.

నిలువుగా ఎక్కడ పెట్టాలి? తల వెనక చేత్తో తడిమితే ఒక ఎముక ఉబ్బు తగులుతుంది. దాని మీద కూర్చునే కొప్పు నిలుస్తుంది. దాని కిందకి దిగితే మెడ వంచినప్పుడల్లా లాగుతుంది.

ఐదో అడుగు: డమ్మీ మీద, త్రాసు పక్కన పెట్టుకుని

ఇప్పుడు చేతిపని. త్రాసు ఎందుకంటే, మొదటిసారి కొప్పు లోపల సవరం కుక్కి చేశాను. తీసి వంటింటి త్రాసులో పెడితే 340 గ్రాములు, పూలు కాకుండానే. సవరం బదులు నెట్ గుడ్డని ఉండగా చుట్టి, మీద హెయిర్ నెట్ తొడిగి, పైన పలచగా జుట్టు పరిస్తే 120కి దిగింది. చూసేవాళ్ళకి తేడా తెలియలేదు. తేలిక ఇటుకలు అలా పనికొచ్చాయి.

పునాది గురించి కాస్త వివరంగా చెబుతాను, కొప్పులు జారేది పైన కాదు, ఇక్కడే. జుట్టంతా ఒక్క రబ్బరు బ్యాండులో పెట్టి దానికే అన్నీ గుచ్చడం మామూలుగా చేసేది. ఆ బ్యాండు ఒక్కటి జారితే మొత్తం జారుతుంది. నేను చేసేది ఇలా. కొప్పు కూర్చునే చోట నిమ్మకాయంత చుట్టుకొలతలో జుట్టు విడిగా తీసి, కుదుళ్ల దగ్గర మాత్రం క్రింపింగ్ (వేడితో సన్నటి మడతలు) చేసి, గట్టిగా ముడి వేస్తాను. దాని మీద నాలుగు స్లైడ్లు రెండేసి చొప్పున, ఒకదానికొకటి కత్తెరలా అడ్డంగా. ఇది మేకు. మిగతా జుట్టు దీని మీదకి వస్తుంది, దీన్ని పట్టుకుని ఉంటుంది, కానీ దాని బరువు కుదుళ్ల మీద పడదు.

కొప్పుని మేకుకి కట్టేది యూ పిన్ను. పిన్ను కొసలు బయటివైపు ఉండేలా పట్టుకుని కొప్పు అంచు నుంచి నాలుగైదు వెంట్రుకలు మాత్రం అందుకోండి. ఇప్పుడు మణికట్టు తిప్పండి, పిన్ను వెనక్కి తిరిగి కొసలు తలవైపు వస్తాయి. తలకి ఆనించి మేకులోకి నెట్టండి. సరిగ్గా పడితే పిన్ను కనిపించదు, కొప్పు కదిపితే తల కదులుతుంది. సరిగ్గా పడకపోతే పెళ్ళికూతురు "అబ్బా" అంటుంది, అది తీసేసి మళ్ళీ పెట్టాలి. నొప్పిని "కాసేపటికి అలవాటైపోతుందిలే" అని సర్దిచెప్పకండి. ఎనిమిది గంటలు ఆ పిన్నుతో కూర్చునేది ఆ అమ్మాయి. రోజూ బిగువుగా లాగి కట్టేవాళ్ళకి నుదుటి దగ్గర జుట్టు పలచబడటం మనం చూస్తూనే ఉన్నాం కదా.

మొదటిసారి నాకు 46 పిన్నులు, గంటా యాభై నిమిషాలు పట్టాయి. చివరికి 19 పిన్నులు, యాభై ఐదు నిమిషాలు. ఈ అంకెలు ప్రతిసారీ రాసుకోండి. పిన్నులు పెరుగుతున్నాయంటే నిర్మాణం తప్పిందని అర్థం.

ఆరో అడుగు: మనిషి జుట్టు మీదకి

డమ్మీ తలకి సుడి ఉండదు, చెమట పట్టదు, మేనత్త ఉండదు. కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమే అంటారు, మన దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి ఆ కొప్పు లేదు. కాబట్టి కనీసం మూడు రకాల తలల మీద చేసి చూడాలి: ఒత్తైనది, పలచనిది, స్మూతనింగ్ చేయించుకున్నది.

మూడోదే పెద్ద తలనొప్పి. నున్నగా జారిపోయే జుట్టు పట్టు నిలవనివ్వదు. అలాంటివాళ్ళకి తలంటు ముందురోజు పోసుకోమని చెప్పాలి. మంగళస్నానం ఎలాగూ ఉంటుంది కాబట్టి తల మీద పసుపు నీళ్లు చల్లి పద్ధతి కానివ్వండని ఇంట్లోవాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే ఆరబెట్టడానికి ఇంకో అరగంట లెక్కలో వేసుకోండి.

తేమ సంగతి. వేడితోగానీ తడి ఆరుస్తూగానీ మనం జుట్టుకి ఇచ్చే వంపు హైడ్రోజన్ బంధాల మీద నిలుస్తుంది. నీళ్లు తగిలితే ఆ బంధాలు విడిపోతాయి. గాల్లో తేమ కూడా నీళ్లే. అందుకే హైదరాబాద్‌లో రాత్రంతా నిలిచిన రోల్ విశాఖ బీచ్ పక్కన గంటలో వాలిపోతుంది. అక్కడ వంకుల మీద ఆధారపడే డిజైన్ ఒప్పుకోకండి, అల్లిక మీద, ముడి మీద ఆధారపడేది ఒప్పుకోండి. ఇంకోటి, టాంగ్ (జుట్టు చుట్టే వేడి కడ్డీ) మీద నుంచి తీసిన పాయని చల్లారేదాకా కదపకూడదు. చల్లారితేనే వంపు కుదురుకుంటుంది. టెన్షన్‌లో అందరం మర్చిపోయేది ఇదే. చుట్టిన పాయకి క్లిప్పు పెట్టేసి చేతులు వేరే పనిలో పెట్టండి.

"ఇంకా మూడు నెలలుంది కదా, జుట్టు పెరుగుతుందిలే" అనే పెళ్ళికూతుళ్లకి అంకె చెప్పండి. జుట్టు నెలకి సుమారు 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. మూడు నెలలకి నాలుగు సెంటీమీటర్లు కూడా కాదు. జడకి సవరం ఎలాగూ కావాలి. దాని బరువు మాత్రం కొప్పుకి వెయ్యకండి. ఒరుగు కొప్పులో జడకి వేరే మేకు ఉంటుంది, కుడివైపు, కొప్పు కింద. ఆడపడుచు జడ ఎత్తినప్పుడు కొప్పు కదలకపోవడానికి కారణం ఇదే.

రంగు కూడా మీ ఆలోచనలో భాగమైతే రెండు ముక్కలు. బ్లీచ్‌తో నల్లజుట్టు రంగు లేతబడేటప్పుడు ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాతే పసుపు బయటపడతాయి. ఒక్క సిట్టింగ్‌లో బూడిద రంగు కావాలంటే జుట్టు పోతుంది. డెవలపర్ 20 వాల్యూమ్ అంటే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, 30 అంటే 9 శాతం. పెద్ద అంకె వాడితే పని త్వరగా అవుతుందని అనుకునే సీనియర్లు ఇంకా ఉన్నారు, బాధేస్తుంది. 48 గంటల ముందు ప్యాచ్ టెస్ట్ తప్పదు. గోరింటాకు పేరుతో అమ్మే నల్లపొడులు వాడిన జుట్టయితే వెనక నుంచి చిన్న పాయ కత్తిరించి దాని మీద ముందు పరీక్షించండి. కొన్ని పొడుల్లో లోహ లవణాలుంటాయి, బ్లీచ్ తగిలితే వేడెక్కిపోతాయి. ఒరుగు కొప్పుకి నేను రంగు వెయ్యలేదు. నల్లరాయి నల్లగానే బాగుంది.

ఏడో అడుగు: ఫొటో తీయండి, ఒకటి తీసేయండి

ట్రయల్ అయ్యాక ఫొటోని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. పూలు, నగలు, చీర రంగులు పోయాక ఆకారం ఒక్కటే మిగులుతుంది. నా మూడో ట్రయల్ ఫొటోలో కొప్పు నల్లముద్దలా ఉంది, లోపలి మెలికలు ఏవీ కనిపించలేదు. ఏడు మెలికలు పెట్టాను. మూడుకి తగ్గించి, ఒక్కోటి రెండు వేళ్ల వెడల్పు చేసి, మధ్య గాడిని దువ్వెన తోకతో లోతుగా నొక్కాను. పైతలం మీద సీరమ్ చుక్క, గాడిలో ఏమీ లేదు. అప్పుడు వెలుగు మూడు చోట్ల జారింది.

ప్రతి ట్రయల్ తర్వాత ఏదో ఒకటి తీసేయడం అలవాటు చేసుకోండి. తీసేస్తే డిజైన్ చెడితే తిరిగి పెట్టండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు చెడదు.

విమర్శ ఎవరినడగాలి? తోటి సీనియర్లని అడిగితే చేతిపని మెచ్చుకుంటారు, మనకి కావాల్సింది అది కాదు. మా షాపులో ఊడ్చే ఆవిడని అడిగాను. వెనక నుంచి చూసి, "జడ కొప్పులోంచి జారిపోయినట్టుందక్కా" అంది. నిజమే, జడ మొదలయ్యే చోటు తేలిపోయి ఉంది. అక్కడ ఒక పాయ అడ్డంగా చుట్టగానే జడకి తల వచ్చింది.

ఎనిమిదో అడుగు: పూలు ఆఖరున, కానీ ఆలోచన ముందే

మల్లెమొగ్గలు పొద్దున కోస్తారు, సాయంత్రానికి విచ్చుకుంటాయి. మూడు గంటల ముహూర్తానికి అవి నలిగి అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి. తడిగుడ్డలో చుట్టి చల్లటిచోట ఉంచితే కాస్త ఆగుతాయి. పెట్టేది కూడా ముహూర్తానికి గంట ముందు పెట్టండి. స్ప్రే కొట్టాల్సింది పూలు పెట్టకముందు, స్ప్రేలోని ఆల్కహాల్‌కి రేకులు మాడిపోతాయి. మల్లెల కాలం వేసవి. మాఘమాసం పెళ్ళికి మల్లెలు కావాలంటే హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో చెప్పే ధరకి కళ్ళు తిరుగుతాయి. అందుకే పూలు మారినా నిలిచే డిజైన్ కావాలి. ఒరుగు కొప్పుకి పూలు కింది అంచు మాత్రమే, నెలవంకలా. మల్లెలైనా, కనకాంబరాలైనా, చిట్టిచామంతులైనా సరిపోతాయి. చామంతి బరువు, కాబట్టి ఒక్క వరసే.

తొమ్మిదో అడుగు: రాత్రంతా పరీక్ష

మా సెలూన్లో పని చేసే అమ్మాయికి సాయంత్రం ఆరింటికి కొప్పు వేసి, మెడలో నిజం దండ వేసి ఇంటికి పంపాను. ఫ్యాన్ కింద కూర్చోవాలి, ఆకాశం వైపు పదిసార్లు చూడాలి, వాళ్ళ అమ్మని నాలుగుసార్లు వాటేసుకోవాలి, నెత్తిన గుప్పెడు బియ్యం పోయించుకోవాలి. గంటగంటకీ ఫొటో. పదింటికి ఫోన్ చేసింది: "అక్కా, మా అమ్మ నాకు పిచ్చి పట్టిందనుకుంటోంది." అర్ధరాత్రి దాటాక ఎడమ చెవి వెనక రెండు పాయలు వదులయ్యాయి. దండ కాదు కారణం, మాటీ బరువు. చెవి పైన అడ్డంగా ఇంకో స్లైడు చేర్చాను. పందొమ్మిదోది అదే.

పదో అడుగు: ఇంట్లోవాళ్ళని ఒప్పించడం

డిజైన్ పెళ్ళికూతురికి నచ్చితే సగమే అయినట్టు. మొదటి ఒరుగు కొప్పు ట్రయల్‌కి పెళ్ళికూతురితో వాళ్ళ అమ్మమ్మ వచ్చారు. చూసి పెదవి విరిచారు.

"కొప్పు పక్కకి పోయిందేమే? సరిచెయ్యి."

"అది అలాగే ఉంటుంది అమ్మమ్మగారూ. రామప్ప గుళ్లో బొమ్మల్లా."

"గుళ్లో బొమ్మకి పెళ్ళా? పూలజడ లేకుండా పీటల మీద ఎలా కూర్చుంటుందమ్మా?"

వాదించలేదు. పెళ్ళికూతుర్ని అద్దం ముందు నుంచి లేపి, నడిపించి, జడ ఎత్తి చూపించాను. ఆవిడే దగ్గరికి వచ్చి జడ పట్టుకుని లాగి చూశారు, గట్టిగానే. కొప్పు కదల్లేదు. "నా పెళ్ళికి పూలజడ బరువుకి రెండు రోజులు మెడ పట్టేసింది" అన్నారు. చివరికి జడ కొసకి వాళ్ళింటి జడగంటలు పెట్టాలని బేరం కుదిరింది. వాక్యం ప్రకారం అవి అక్కర్లేదు. కానీ జడ కింద బరువు పెరిగితే కుడి ఎడమల తూకం ఇంకా బాగా కుదిరింది. ఇప్పుడు అవి డిజైన్‌లో భాగమే. ఆవిడకి ఇంకా థ్యాంక్స్ చెప్పలేదు.

ఆఖరున: కార్డు రాసి చేతులు మార్చండి

మీరొక్కరే చెయ్యగలిగితే అది మీ చేతి వాటం, డిజైన్ కాదు. ఒక కార్డు మీద ఒక్క వాక్యం, మూడు నీడలు, మేకులు పెట్టే చోట్లు వేళ్ల కొలతల్లో, పిన్నుల సంఖ్య, టైము, జుట్టు రకానికి మార్పులు రాయండి. దాన్ని జూనియర్‌కి ఇచ్చి మీరు నోరు మూసుకుని కూర్చోండి. వాళ్ళు ఆగి మీ వైపు చూసిన ప్రతి చోటా కార్డులో లోపం ఉంది. నా కార్డు నాలుగుసార్లు మారింది. మూడోసారి ఒక జూనియర్ కొప్పుని పొరపాటున కుడికి పెట్టింది. తిట్టబోయి ఆగాను. కొప్పు వేయించుకుంటున్న అమ్మాయి పాపిట సుడి వల్ల కుడి నుంచే జుట్టు బాగా పడింది. ఇప్పుడు కార్డులో "ఎడమకి" కొట్టేసి "సుడికి ఎదురుగా" అని రాసి ఉంది.

కార్డు వెనక చిట్టచివరి గీతలో మాత్రం ఆ పిన్నిగారి పుణ్యం ఉంది: తలంబ్రాలు అవ్వగానే కొప్పు కింద దువ్వెన తోక పెట్టి బియ్యం రాల్చాలి, ముందే ఒక తడిగుడ్డా, ఖాళీ ప్లేటూ దగ్గర పెట్టుకోవాలి.